లేజరు, రేజరు

చిత్తూరు బస్సులో నా పక్కన కూర్చున్నాయన గుండు మీద గంధం ఇంకా ఆరలేదు. బస్సు కుదుపుకు నా ముఖం మీది తువాలు జారింది. ముక్కు పక్కన చర్మ క్యాన్సరు కోసి తీసిన గుంట బయటపడింది. ప్రాణానికి భయం లేని రకమని డాక్టరు చెప్పినా, ఆ గుంట జనానికి కనబడుతుందనే నా బాధ.

"చర్మం క్యాన్సరు గదా? నాకూ అదే వచ్చిండింది. మద్రాసులో లేజరుతో తీసినారు," అన్నాడాయన.

నాకు రేజరని వినిపించింది. "గుండు ఎవురికైనా రేజరుతోనే గదప్పా తీసేది," అన్నాను.

ఆయన పకపకా నవ్వాడు. "గుండు గాదప్పా, ఇది! లేజరంటే ఒగ రకం వెలుతురు. దాంతో కాల్చేసినారు. సూడు."

చెంప మీద గోరంత తెల్ల మచ్చ, అంతే. అదే జబ్బుకు ఆయనకు మచ్చ, నాకు గుంట! కుళ్లుతో ఆ మచ్చనే చూసి, ముఖం తిప్పుకున్నాను. చంద్రగిరి దాటేదాకా ఆయన వైపు తిరగలేదు.

"నీకు కోసిన ముక్కను పరీక్షకు పంపినారా?" అని ఆయనే మెల్లగా అడిగాడు.

"పంపినారు. జబ్బంతా తీసేసినాం, ఇంకేం లేదన్నారు."

"అదృష్టవంతునివి. నాది కాలిపోయె. పరీక్ష చేసేదానికి ముక్కే మిగల్లేదు. జబ్బు మళ్లా వచ్చిందేమోనని దినామూ అద్దంలో ఎతుక్కుంటా ఉండాను."

ఆయన కళ్లు నా గుంట మీదే నిలిచిపోయాయి. ఆ చూపు నాకు బాగా తెలుసు. కాసేపటి క్రితం అది నాదే.

చిత్తూరు వచ్చేదాకా తువాలు పైకి లాక్కోలేదు.