పైన ఖాళీగా వదిలిన నాలుగు గీతలు

పిల్లలూ, మీ అత్త ఓటెయ్యడం ఎందుకు మానేసిందని మొన్న ఫోన్లో ఈ నానమ్మని అడిగారు కదా. అప్పుడు తను పక్కనే ఉంది, చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను, వినండి.

ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, మాంగో పేటలో మా సందంతా ఒకే పార్టీ. తెలుగువాళ్లం, బీహారీలు, ఒడియావాళ్లు, అందరం సభ్యులమే. వార్డు అధ్యక్షుణ్ణి మేమే చీటీల మీద ఓటేసి ఎన్నుకునేవాళ్లం. ఆసారి మీ అత్త నిలబడింది. ఎవరి పింఛను కాగితాలైనా, రేషన్ కార్డైనా, ముసలివాళ్లను వెంటబెట్టుకుని ఆరేళ్లు తిరిగిన మనిషి. చీటీలేస్తే తనే గెలుస్తుందని, పోటీకి దిగిన కాంట్రాక్టరుకీ తెలుసు.

మా మీటింగుల్లో ఒక అలవాటుంది. రెండింటి షిఫ్టుకి వెళ్లేవాళ్లు చివరిదాకా ఉండలేరు. అందుకని వస్తూనే రిజిస్టరులో సంతకం పెట్టేస్తాం. పేజీ పైన నాలుగు గీతలు వదిలిపెట్టి, తీర్మానం తరవాత రాస్తారు. ఎవరికీ ఎప్పుడూ అనుమానం రాలేదు.

ఆ ఆదివారం అందరికంటే ముందు నేనే వెళ్లాను.

"ఏటి పిన్నీ, పెళ్లికొచ్చినట్టు పట్టుచీర కట్టినావు?" అని పక్కింటి కోడలు ఆటపట్టించింది.

"నా కూతురు గెలుత్తాది, కట్టుకోనేటే?" అంటూ మొదటి సంతకం పెట్టాను. నా వెనక సందంతా పెట్టింది.

చీటీలు పంచుతుండగా జిల్లా నాయకుడు వచ్చాడు. "చునావ్ నహీ హోగా" అన్నాడు. ఎన్నిక లేదట. పైనుంచి కాంట్రాక్టరు పేరు వచ్చేసిందట. చీటీల డబ్బా బల్ల కిందికి తోయించాడు.

"మరి మమ్మల్నెందుకు పిలిసినారు?" అని మీ అత్త లేచింది.

"బేటీ, ఘర్ కీ బాత్ హై" అని నవ్వాడు. ఇంటి సంగతట, అరవకూడదట.

మర్నాడు ఫిర్యాదు రాసుకుని ఇద్దరం పార్టీ జిల్లా ఆఫీసుకి వెళ్లాం. అక్కడి గుమాస్తా రిజిస్టరు తెరిచి మావైపు తిప్పాడు. పైన వదిలిన నాలుగు గీతల్లో హిందీలో రాసుంది: ఎన్నిక అక్కరలేదు, కాంట్రాక్టరుని అందరం ఏకగ్రీవంగా ఒప్పుకుంటున్నాం. దాని కింద మొదటి సంతకం నాది.

"అవి హాజరీ సంతకాలు బాబూ" అన్నాను.

"దస్తఖత్ తో ఆప్ కా హీ హై, మాతాజీ?" అన్నాడు, సంతకం మీదే కదా అని మర్యాదగానే అడిగాడు. నాదే. కాదని ఎలా అంటాను?

ఆటో ఎక్కి తిరిగొచ్చాం. దారిలో నేను ఏడుస్తుంటే మీ అత్త, "నువ్వేటి సేత్తావమ్మా, నాలుగో సంతకం నాదే కదా" అంది.

తరవాత ఊరంతా ఓటేసే అసలు ఎన్నికలొచ్చాయి. ప్రతిసారీ ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లను పోలింగుకి తీసుకెళ్లే మనిషి, గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది.

"అక్కా, రావేటి?" అని పక్కింటి కోడలు వచ్చింది.

"మీరెల్లండే."

"నువ్వు రాకపోతే మేమెందుకు? మనల్నడిగి పెట్టినారా ఏటి ఆ కాంట్రాక్టరు పేరు?" అని ఆ పిల్ల కూడా చెప్పులు విడిచి కూర్చుంది. ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు.

అలవాటు కొద్దీ నేనొక్కదాన్నే వెళ్లి మా పార్టీకే ఓటేసి వచ్చాను. వాళ్లింకా అక్కడే ఉన్నారు. నా వేలి మీద సిరా చూసి, మీ అత్త చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.