మామిడి కొత్తలో నాన్న చోటు

హైదరాబాదులో పెద్ద సర్కారు యూనివర్సిటీలో మానవశాస్త్రం ఎమ్మే చదువుతున్న రోజులు. చివరి సెమిస్టరులో ఏదో ఒక ఊరికి పోయి, అక్కడి ఆచారాలు చూసి రాసుకొచ్చి ఇవ్వాలి. తోటివాళ్ళంతా ఊళ్ళ కోసం తల బద్దలు కొట్టుకుంటుంటే, నేను మాత్రం "మా నాన్నది భద్రాచలం అవతల కోయ ఊరు సార్" అన్నాను. "ఇంకేం, నీ పని సగం అయిపోయినట్టే" అన్నారు ప్రొఫెసరు గారు. ఆ మాటకు పొంగిపోయి బయలుదేరాను.

నాన్న పోయి రెండేళ్ళయింది. వైరాలో పంతులుగా చేశాడు. అమ్మది వైరానే, కోయ కాదు. ఏటా ఎండలు ముదిరే వేళకు నాన్న ఒక్కడే ఊరికి పోయి వచ్చేవాడు. పిల్లకు పరీక్షలని అమ్మ నన్ను పంపేది కాదు. ఈసారి నాన్న అక్క జోగమ్మత్త తానే కబురు పెట్టింది, మామిడి కొత్త పండగ బుధవారం, ఒకరోజు ముందే రమ్మని. ఆ పండగ చేసుకునేదాకా ఊళ్ళో ఎవరూ కొత్త మామిడికాయ నోట పెట్టరు. లైబ్రరీలో ఆ సంగతి రెండు పుస్తకాల్లో చదివాను, పేజీ నంబర్లతో సహా చెప్పగలను.

మంగళవారం పొద్దున ఆరింటికి సికింద్రాబాదులో రైలెక్కితే పదిన్నరకు ఖమ్మం. బస్టాండులో ఇడ్లీ తిని పదకొండు గంటల భద్రాచలం బస్సెక్కాను. టికెట్టు యాభై చిల్లర. మీరెవరైనా ఎండాకాలం పోతే ఇంజను పక్క సీటు మాత్రం తీసుకోకండి, అరికాళ్ళు కాలిపోతాయి. నా పక్కన ఖమ్మం గాజుల వ్యాపారి కూర్చున్నాడు, ఒళ్ళో పెద్ద మూట. సంతలకు తిరిగే మనిషి.

బస్సు కదిలే ముందు ఒకామె ఉప్పూకారం చల్లిన మామిడి ముక్కలు కిటికీ దగ్గరికి తెచ్చింది. చూడగానే నోరూరింది. ఒక పొట్లం తీసుకున్నాను.

"ఏడికి పోతున్నవమ్మా?" అన్నాడు గాజులాయన.

"మామిడి కొత్త పండక్కి."

"పండుగ గాకముందే తింటున్నవేంది మరి?" అని నవ్వాడు.

"నేను చూడ్డానికి పోతున్నా చాచా, చేయడానికి కాదు" అన్నాను. నాకు తెలివైన జవాబే అనిపించింది. కొత్తగూడెం వచ్చేసరికి పొట్లం ఖాళీ.

మూడింటికి వంతెన దాటాము. గోదావరి ఇసుక మేటల మధ్య సన్నగా పారుతోంది. గుడి దగ్గర సత్రాలున్నాయి, రాత్రికి ఉండాలనుకునేవాళ్ళకు ఇబ్బంది లేదు. నేను టీ తాగి షేరు ఆటో ఎక్కాను. రోడ్డు మీద దిగి అడవి దారిలో కాస్త నడిస్తే ఊరు. ప్రతి ఇంటి ముందూ కాయలు రాలి పడి ఉన్నాయి. పిల్లలు వాటిని కాళ్ళతో తన్ని ఆడుతున్నారు గానీ ఒక్కడూ కొరకడం లేదు. నాకు భలే సంతోషమైంది, పుస్తకంలో ఉన్నట్టే ఉందని.

అత్త కాళ్ళకు నీళ్ళిచ్చింది, జావ పోసింది. నా ముఖం నిమిరి, "అచ్చం మా తమ్ముడే" అంది. తర్వాత తీరిగ్గా అడిగింది: "రేపు ఇంటికొకరు వరుసల కూసుంటరు. మీ నాయన జాగ పోయినేడు ఖాళీగనే ఉండె. ఆడపిల్లవైతేంది, ఆ ఇంట్ల పుట్టినవ్. నువ్వు కూసోవాలె బిడ్డా. కొత్త తినలే గదా?"

అబద్ధం చెప్తే ఎవరికి తెలుస్తుంది? నాలుక మీద ఇంకా ఆ కారం ఉన్నట్టే అనిపించింది.

"బస్సులో తిన్నా అత్తా."

అత్త నా చేతిలోని జావ గిన్నె తీసుకుంది. తిట్టినా బాగుండేది. "పోనీ తీ. నీకెవలు చెప్పిరి గని" అని గిన్నె కడగడానికి లేచింది. వాకిట్లోంచే అంది: "మీ నాయన వైరాల ఉండి గూడ ముట్టకపోయేది. ఈడ పండుగ చేసి, మాతోని తిన్నంకనే."

అప్పుడు తట్టింది. వేసవి మొదట్లో అమ్మ మామిడికాయ పప్పు వండితే నాన్న పళ్ళెం జరుపుకుని మజ్జిగన్నం తినేవాడు. పులుపు పడదనేవాడు. ఊరికి పోయొచ్చాక మాత్రం తానే అడిగి వండించుకునేవాడు. "ఊరి నీళ్ళు తాగొస్తే మీ నాయనకు పులుపు పడ్తది" అని అమ్మ ఆటపట్టించేది, నేనూ నవ్వేదాన్ని. మా వంటింట్లో ఏటేటా జరిగినదాన్ని నేను హైదరాబాదు పోయి పుస్తకంలో చదువుకున్నాను. ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను.

పొద్దున ఊరి పెద్దలు కాయలు కోసి దేవత ముందు పెట్టి, మోదుగాకుల్లో ముక్కలు పంచారు. నాకు ఒక కుర్చీ వేశారు. "చూడనీకొచ్చినవ్ గదా, మంచిగ కనబడ్తది" అని అత్తే తెచ్చి వేసింది, ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. పాటలన్నీ నేను తెచ్చుకున్న టేపులో ఎక్కాయి, అడిగినవన్నీ చెప్పారు. తర్వాత మా క్లాసులో నా రిపోర్టుకే ఎక్కువ మార్కులొచ్చాయి. కానీ ఆ పొద్దు నేను చూసింది వరుసలో నేల మీద ఖాళీగా ఉన్న ఒక్క మనిషి చోటునే. అత్త దాని ముందు కూడా ఆకు వేయించింది.

పండగయ్యాక అత్త సంచీ నిండా కాయలిచ్చి, "వచ్చేయేడు తినకుండ రా" అంది. మధ్యాహ్నం బస్సు పట్టుకుని చీకటి పడే వేళకు వైరాలో దిగాను. అమ్మ సంచీ విప్పి, "రేపు పప్పు చేస్తలే" అంది.

అప్పుడు చెప్పాను, నాన్నకు పులుపు పడకపోవడం కాదని, పండగ దాకా ఆగేవాడని. అమ్మ చేతిలోని కాయను తిరిగి సంచీలో పెట్టేసింది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది. "చెప్తే నేను గూడ తినకపోదును గదా."