రెండు కాంటల రాజేశం

మా బయ్యారంలో కిరాణా కొట్టు రాజేశం సేటుకు ఒకటే పిచ్చి: ఒక్క కాంటాను నమ్మడు. పావుకిలో కందిపప్పు అడిగితే ముందు ఎలక్ట్రానిక్ కాంటా మీద పెడతాడు, తర్వాత దించి తాతలనాటి తక్కెడలో పోస్తాడు. రెండూ "సరే" అనేదాకా పొట్లం కట్టడు. ఈలోగా కొనేవాళ్లింట్లో ఎసరు ఇంకిపోతుంది.

ఇంట్లోనూ అంతే. "కూరల ఉప్పు సరిపోయిందా?" అని భార్య కమలమ్మ అడిగితే, పక్కింటాయనకూ ఒక ముద్ద తినిపించి గానీ జవాబు చెప్పడు. కూతురి పెళ్లికి ఇద్దరు పంతుళ్లను పిలిచి, వాళ్ల కొట్లాటలో ముహూర్తమే దాటించిన ఘనుడు.

నా రక్తపరీక్షల ల్యాబు ఆయన కొట్టు పక్కనే. ఒకరోజు పొద్దున్నే, నేనిచ్చిన రిపోర్టు పట్టుకుని మీదికొచ్చాడు. వెనకాలే తండా నుంచి వచ్చిన సోమ్లీ, కళ్లు తుడుచుకుంటూ.

"భరతూ, నీది దొంగ కాంటా!"

సంగతేమిటంటే, సోమ్లీకి షుగర్. మూడు నెలలుగా వేలు గుచ్చి చూస్తే ఎప్పుడూ నూటముప్పై దాటలేదు. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో మాత్రం 7.9 వచ్చింది. అది చూసి డాక్టరమ్మ గోలీలు పెంచుదామంది. కొడుకేమో దొంగతనంగా మిఠాయి తింటున్నావని తిట్టాడు.

"తీపి ముట్టలే సేటూ, ఒట్టు! ఇప్పటికే మిర్చి చేన్ల చేతులు వణుకుతున్నయ్. గోలీలు పెంచితే ఆడనే పడిపోత," అంది సోమ్లీ.

"రెండు కాంటలు కొట్లాడుతుంటే నువ్వేం జేస్తున్నవ్ రా?" అని రాజేశం నన్ను నిలదీశాడు.

నాకు ఒళ్లు మండింది. "మిషన్ కొత్తది సేటూ!"

"మిషన్ గాదు, బాట్లు సూడు! బాట్లే తప్పయితే కాంటా ఏం జేస్తది?"

బాట్లంటే తూకం రాళ్లు. నవ్వబోయి ఆగిపోయాను. ఆ పరీక్ష కొలిచేది ఎర్రకణాలకు అంటుకున్న చక్కెరను. ఆ కణాలే సరిగా లేకపోతే లెక్క తప్పొచ్చు! సిగ్గుపడుతూ సోమ్లీ రక్తం మళ్లీ తీశాను. హిమోగ్లోబిన్ ఏడున్నర. కణాలు చిన్నగా, పాలిపోయి ఉన్నాయి. ఒంట్లో ఇనుము లేదు.

"గుట్ట నిండ ఇనుమే ఉన్న ఊర్ల నీ ఒంట్లనే లేకపాయె గదనే!" అన్నాడు రాజేశం. సోమ్లీ ఏడుపులోనే ఫక్కున నవ్వింది.

ముగ్గురం దవాఖానకు పోయాం. డాక్టరమ్మ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. "రక్తం తక్కువుండి షుగర్ ఎక్కువ చూపించింది. గోలీలు పెంచేది లేదు. ముందు ఇనుము గోలీలు వేసుకో," అంది. రాజేశం అక్కడే చప్పట్లు కొట్టాడు.

నాలుగు నెలలకు హిమోగ్లోబిన్ పదకొండు దాటింది, మూడు నెలల లెక్క 6.6కు దిగింది. సోమ్లీ రిపోర్టును కొడుకు ముఖం ముందు ఆడించింది. "సూడు బిడ్డా, నేను దొంగను గాను!"

ఆ సంబరానికి రాజేశం ఊరందరికీ వేయించిన పల్లీలు పంచాడు, అవీ తూచే. ఎలక్ట్రానిక్ కాంటా ఎప్పుడో వంద గ్రాములంది. తక్కెడ మాత్రం ఇంకో గుప్పెడు పోస్తే గానీ ఒప్పుకోలేదు. అనుమానమొచ్చి బాటు తిరగేశాను. అడుగున సీసం ముద్ద అతికించి ఉంది!

"సేటూ! ముప్పై ఏండ్ల సంది అందరికీ ఎక్కువ తూస్తున్నవా?"

"మెల్లగ మాట్లాడు రా! నేనే అతికించిన. కమలమ్మకు తెలిస్తే నా పని ఖతం."

"మా తండ మొత్తం ఎర్కే," అంది సోమ్లీ, పల్లీలు నములుతూ.

లోపలి నుంచి కమలమ్మ కేకేసింది. "ఏందయ్యా ఆ లొల్లి?"

"ఏం లేదే," అన్నాడు రాజేశం, బాటును లుంగీలో దాచుకుంటూ. "తూకం సరిగ్గున్నదట!"