కౌంటర్ మీద మూడు చుక్కలు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా బగ్ ఉందంటే, మళ్లీ చేసి చూపించమంటాను. చూపించలేకపోతే ఆ ఫిర్యాదు టికెట్ మూసేస్తాను. దయ్యాల టికెట్లన్నీ అలాగే మూసేశాను, ఒక్కటి తప్ప.

నా స్నేహితుడు మురళి, నేను శివారు ఊరు బాతెల్ నుంచి సియాటిల్‌లోని ఒకే ఆఫీసుకి రోజూ బస్సులో వెళ్లేవాళ్లం. దిగే స్టాపు ఎదురుగా నూరేళ్ల నాటి పబ్బు ఒకటి మూతపడి ఉండేది. దాన్ని బాగుచేయడం మొదలుపెట్టారు. ఇటుక గోడ కడిగారు, పాత చెక్క కౌంటర్‌ని గీకి పాలిష్ పట్టారు. కిటికీలో 'రియల్ ఏల్, త్వరలో' అని బోర్డు పెట్టారు. గ్యాస్ కలపకుండా, పీపాలోనే పులవనిచ్చి, చేతిపంపుతో లాగి పోసే బీరట.

"మనల్ని ఏలెటోడు ఎవడూ లేడు గద మామా, ఈ ఏలన్నా ఏలనీ," అనేవాడు మురళి. తెరిచాక మొదటి గ్లాసు తనదేనన్నాడు.

వాడికో అలవాటు. మనవాళ్లు చాలామంది మొదటి గుక్కకి ముందు వేలు ముంచి చుక్కలు చిలకరిస్తారు కదా. ఇక్కడి బార్‌లో ఒకసారి అలా చిలకరిస్తే పక్కాయన తెల్ల చొక్కా మీద పడ్డాయి. ఆ గొడవ తర్వాత చిలకరించడం మానేసి, గ్లాసుకి ఎడమవైపు కౌంటర్ మీద మూడు చుక్కలు వరసగా పెట్టేవాడు, ముగ్గు వేస్తున్నంత శ్రద్ధగా.

తర్వాత నేను కంపెనీ మారాను. కొన్నాళ్లకి మురళి ఉద్యోగం పోయింది. అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే వీసా పోతుంది. మా కంపెనీకి తన పేరు సిఫారసు చేస్తూ రెఫరల్ పంపమని అడిగాడు.

"పంపించాను మామా," అన్నాను.

పంపలేదు. మా దగ్గరా ఉద్యోగాల కోతలుంటాయని పుకారు. వాడు నాకంటే మంచి టెస్టర్. నా కుర్చీ నాలుగు కాళ్లూ నేనే పట్టుకుని కూర్చున్నాను.

యాభై ఎనిమిదో రోజు సాయంత్రం మురళి రెండుసార్లు ఫోన్ చేశాడు. ఏం అడుగుతాడో తెలిసి ఎత్తలేదు. ఆ సాయంత్రమే అట్టపెట్టెలు సర్దుతూ గుండె ఆగి పోయాడు.

అంత్యక్రియల రోజు వాడి భార్య స్వప్న నన్ను అడిగింది. "ఆయన నీకేమన్న ఫోన్ చేసిండా అన్నా?"

"లేదమ్మా," అన్నాను.

ఆమె పాపని తీసుకుని హనుమకొండ వెళ్లిపోయింది. ఆ తర్వాత పబ్బు తెరిచారు.

ఒక శనివారం మధ్యాహ్నం ఒక్కణ్ణే వెళ్లాను. కౌంటర్ దగ్గర ఇంకెవరూ లేరు. అక్కడ పనిచేసే నెరిసిన జుట్టావిడ పంపు లాగి గ్లాసు నింపి పెట్టింది. ఆ ఏల్‌లో చల్లదనమూ లేదు, పొంగూ లేదు, అచ్చం నాలాగే. నేనింకా గ్లాసు ముట్టుకోలేదు. పక్కన ఖాళీ స్టూలు ముందు, పొడి చెక్క మీద, వరసగా మూడు చుక్కలు కనిపించాయి.

ఆవిడ సారీ చెప్పి తుడిచింది. నేను పంపుల వైపు చూసి తల తిప్పేసరికి మళ్లీ మూడు. పైకప్పు చూశాను, పొడిగా ఉంది. నా గ్లాసు అడుగు తడిమాను, అదీ పొడిగానే ఉంది. చుక్కని వేలితో అద్ది వాసన చూశాను. అదే ఏల్.

"మీరు ఒలికించలేదు కదా?" అంది ఆవిడ ఇంగ్లిష్‌లో. నా గ్లాసు అంచుదాకా నిండుగా ఉండటం ఆవిడకీ కనిపిస్తూనే ఉంది. మళ్లీ తుడిచింది.

"రెఫరల్ పంపలేదురా," అన్నాను స్టూలుతో. తెలుగులో కాబట్టి పరువు దక్కింది.

చుక్కలు మళ్లీ రాలేదు. వాడు క్షమించాడో, లేచి వెళ్లిపోయాడో.

ఇంటికొచ్చి, హనుమకొండలో తెల్లారేదాకా ఆగి, స్వప్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"ఫోన్ చేసిండని తెలుసన్నా. ఆయన ఫోన్ నా దగ్గర్నే ఉంది గద. నువ్వెప్పుడు చెప్తవో అని చూస్తున్న," అంది.

రెఫరల్ సంగతి మాత్రం ఆమెకి తెలియదు. అది విన్నాక ఫోన్ పెట్టేసింది. ఇప్పుడు నేనెన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు.

అదే స్టూలు, అదే ఏల్, అదే వేళ. ఐదు శనివారాలు వెళ్లి చూశాను. కౌంటర్ పొడిగానే ఉంది. నా రూలు ప్రకారం ఈ టికెట్ కూడా మూసెయ్యాలి. చెయ్యి రావడం లేదు. ఆ చుక్కలు ఎక్కణ్ణించి వచ్చాయో నాకిప్పటికీ తెలియదు.

ఇప్పుడు తాగే ముందు, పక్క స్టూలు ముందు నేనే మూడు చుక్కలు పెడుతున్నాను. ఆవిడ వచ్చి తుడిచేస్తుంది.