గూఢచారి సినిమాలో చిక్కం పట్టిన మనిషి

కరోనా తగ్గిన మరుసటి వేసవి. నూజివీడులో నా వీడియో లైబ్రరీ మూతపడి చాలా ఏళ్లయినా, పాత పెళ్లి క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే పని ఇంటి ముందుగదిలో చేస్తుండేవాణ్ణి. ఇప్పుడు అదీ మానేశాను. ఆ పనుల్లో నా డైరీలో నాలుగు పేజీలు పట్టింది ఇదొక్కటే.

చాట్రాయి నుంచి సువార్త గారనే టీచరు ఒక పాత గూఢచారి సినిమా డిస్కు తెచ్చారు. అందులో హీరో మామిడితోటలో పరిగెత్తే సన్నివేశాన్ని వాళ్ల ఊళ్లోనే తీశారట. తోటలో కూలికి వెళ్లే వాళ్ల నాన్న యాకోబు గారిని చెట్టెక్కి చిక్కంతో, అంటే కర్రకు కట్టిన వల సంచితో, కాయలు కోస్తూ ఉండమన్నారట. సువార్త గారికి ఏడాది నిండకముందే ఆయన పోయారు. ఫొటో ఒక్కటీ లేదు.

డిస్కులో బొమ్మ అద్దంలా ఉంది. మామిడాకుల ఈనెలు కూడా తెలుస్తున్నాయి. కానీ తెర పై అంచున కనిపించేవి రెండు కాళ్లే.

“మా అమ్మకి చూపించానండీ. కాళ్లు చూసి ఏం గుర్తుపట్టనే అంది. ముఖం ఏమన్నా తెప్పించగలరా?”

బొమ్మలో లేనిది తేలేనని చెప్పాను. ఆవిడ డిస్కు వదిలేసి వెళ్లారు.

మర్నాడు ఊరికే సినిమా మొత్తం చూశాను. ఎవరు నిలబడినా నెత్తి తెగిపోతోంది. పేర్లలో పై వరుస అంచుకు రాసుకుంటోంది. అప్పుడు అర్థమైంది. పాత సినిమా బొమ్మ ఇంచుమించు చదరంగా ఉంటుంది. వెడల్పు టీవీ నిండాలని పైనా కిందా కోసేశారు. దీన్ని మా పనిలో క్రాపింగ్ అంటాం. యాకోబు గారి ముఖం ఆ కోతలో పోయింది.

చదరపు తెర పాత టీవీల కాలం నాటి క్యాసెట్‌లో ఆ కోత ఉండదు. అటక మీది లైబ్రరీ నాటి పెట్టెలో ఆ సినిమా దొరికింది, టేపంతా తెల్లటి బూజుతో. అలాగే ఆడిస్తే వీసీఆర్‌లో బొమ్మను చదివే హెడ్ పాడవుతుంది. రెండు రోజులు చేత్తో తిప్పుతూ మెత్తటి గుడ్డతో తుడిచాను. ఆడించాను. తెర నిండా గీతలు, రంగులు ఒకదానిలోకి ఒకటి కారుతున్నాయి. కానీ కొమ్మ మీద ఒక మనిషి ఉన్నాడు, ముఖం చిక్కుడు గింజంత.

అక్కడే తొందరపడ్డాను. ఒక ఫ్రేము పట్టుకుని, పెద్దది చేసి, నాయిస్ రిడక్షన్, అంటే చుక్కలు చెరిపి బొమ్మను నునుపు చేసే పద్ధతి, మూడుసార్లు వాడాను. చక్కటి ముఖం వచ్చిందని మురిసిపోయి కబురు పెట్టాను.

సువార్త గారు తల్లి దీనమ్మ గారిని తీసుకొచ్చారు. డెబ్బై అయిదు దాటిన మనిషి. తెర దగ్గరగా వంగి చాలాసేపు చూసి, కూతురి వైపు తిరిగారు.

“ఈయన మీ నాన్న కాదే.”

నాకు తల కొట్టేసినట్టయింది. నేను చెరిపిన చుక్కల్లోనే ఆయన ముఖం ఉన్నట్టుంది. చేసేది లేక, చుక్కలు చెరపని క్యాసెట్ బొమ్మే చూపిస్తానన్నాను.

“అదన్నా చూపించు బాబూ. ఇంత దూరం వచ్చాం.”

గీతల మధ్య హీరో కింద పరిగెత్తాడు. ఒక్క ఫ్రేము దగ్గరే ఆగిపోయాను కాబట్టి, పైన జరిగింది నేనూ అంతవరకు గమనించలేదు. కొమ్మ మీది మనిషి చిక్కాన్ని మెలితిప్పి కాయ తెంపి, ఒక్క క్షణం నేరుగా మా వైపు చూశాడు.

“మీ నాన్నే,” అన్నారు దీనమ్మ గారు. “ఆ మెలి తిప్పడం ఆయనదే. కెమెరా పక్కన గంప పట్టుకుని నేనే నుంచున్నా. నిన్ను ఎత్తుకునే ఉన్నా. కాయ గంపలోకి దించమంటావా అని నన్ను అడుగుతున్నాడు.”

సువార్త గారు కుర్చీని తెర దగ్గరకు జరుపుకున్నారు. ఆ రెండు సెకన్లను తొమ్మిదిసార్లు వేయించుకున్నారు.

గీతలు తీసి ఇవ్వనా అంటే ఇద్దరూ వద్దన్నారు. బొమ్మ బాగుండటమంటే శుభ్రంగా ఉండటమని అన్నేళ్లూ అనుకున్నాను. ఆ తర్వాత క్యాసెట్ తెచ్చిన ప్రతి ఒక్కరినీ, వీసీఆర్ ఆన్ చేయకముందే, ఇందులో మీరు ఎవర్ని చూడాలని వచ్చారని అడిగేవాణ్ణి.