పనసపాలు పూసిన గొట్టం

కాశీబుగ్గ బజారులో ఎవరైనా పనసకాయ కోస్తుంటే ఆ వాసన నాకు రెండు దుకాణాల అవతలి నుంచే తెలిసిపోతుంది. పండు తీపి వాసన కాదు, తొడిమ తెగగానే కారే తెల్లటి పాల వాసన. మొన్న ఆదివారం పనసపొట్టు కొందామని వెళ్లాను. అమ్మే ఆవిడ చేతులకు కొబ్బరినూనె రాసుకుని, కత్తిపీట కాలితో తొక్కిపట్టి కాయ కోస్తోంది. ఎంత కావాలని ఆవిడ రెండోసారి అడిగాక గానీ అరకిలో అని చెప్పలేదు. గున్నయ్య బాబాయి గుర్తొచ్చాడు. ఆయన పోయి మూడేళ్లయినా పనసపాల వాసన వస్తే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

బాబాయి అంటే చుట్టం కాదు. కాశీబుగ్గలో రేకుల షెడ్డు వేసుకుని పవర్ టిల్లర్లు, తోటల్లో నీళ్ల ఇంజన్లు బాగుచేసే మెకానిక్. నేనప్పుడు టెక్కలి దగ్గర ఒక కాలేజీలో తోటపని చేసేదాన్ని. అంతకుముందు జీడిపప్పు బట్టీలో పనిచేసి, గింజల్లోంచి జీడి కారి కాలిన వేళ్లతో అన్నం కలుపుకోవడానికి కూడా బాధపడినదాన్ని. కాలేజీవాళ్లు పచ్చిక కోయడానికి ఎక్కడి నుంచో ఒక పాత బండి కొన్నారు. కుర్చీలా సీటు, చిన్న స్టీరింగు, కింద తిరిగే కత్తులు. మగవాళ్లు దాన్ని చూసి నవ్వుకుంటుంటే నేను ఎక్కి నడిపాను. అప్పటి నుంచి అది నాదయింది. ఆడమనిషి చేతికి బండి ఇచ్చారు, ఎన్నాళ్లుంటుందో చూద్దాం అని వెనక అనుకునేవాళ్లు అనుకుంటూనే ఉన్నారు. దానికి ఏమైనా అయితే నేను మళ్లీ జీడి బట్టీకే పోవాలి.

అయింది. ఒకరోజు బండి ఆపిన చోట గచ్చు మీద నల్లటి మరక కనిపించింది. వంగి చూస్తే ఇంజను పక్కన ఊడి వేలాడుతున్న సన్నటి రబ్బరు గొట్టం కొస నుంచి ఆయిల్ చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఎవరికైనా చెబితే నా పని పోతుందని భయం. మా ఉద్దానం పల్లెల్లో బకెట్టుకు చిల్లి పడితే పనసపాలు పట్టిస్తాం, ఆరాక రాయిలా బిగుసుకుంటుంది. మా పెరటి పనస నుంచి పాలు పుల్లకు చుట్టి తెచ్చి ఆ గొట్టం మూతి మూసేశాను, గచ్చు మీద మరక కడిగేశాను. రెండు రోజులు బాగానే ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. మూడోరోజు పచ్చిక మధ్యలో ఉండగా ఇంజను ఒళ్లంతా ఆయిల్ కమ్మేసి, వేడికి తెల్లటి పొగ లేచింది. అందరూ పరుగెత్తుకొచ్చారు. మేనేజరు గున్నయ్యకు కబురు చేశాడు.

ఆయన అలాంటి బండి ఎప్పుడూ చూడలేదు. తువ్వాలు భుజాన వేసుకుని దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మేనేజరు ఎక్కడ కారుతోందని తొందరపెడితే, ఒళ్లంతా మురికిగా ఉన్నవాడికి దెబ్బ ఎక్కడుందో ఎలా చెప్పేది అన్నాడు. చల్లారాక కిరసనాయిలు గుడ్డతో ఇంజను మొత్తం తుడిచాడు. ఆరనిచ్చాడు. తర్వాత నావైపు తిరిగి, సంచిలో మొహానికి రాసుకునే పౌడరు ఉందా అని అడిగాడు. నా పౌడరు డబ్బా సగం ఆ ఇంజనుకే అయిపోయింది. తెల్లగా పూసి, స్టార్టు చేయించి, పీట వేసుకుని దాని ముందు కూర్చున్నాడు. ఆయన చూస్తున్నాడు, నేను తేలు కుట్టిన దొంగలా పక్కన నిలబడ్డాను.

"ఆయిలు కనబడిన సోట సూడకూడదమ్మా," అన్నాడు. "అది జారి జారి ఎక్కడో తేల్తాది. పుట్టిన సోటు సూడాల."

కాసేపటికి పౌడరు మీద పైనుంచి సన్నటి తడి గీత దిగింది. పై మూత కింద ఆయిల్ కారకుండా బిగించిన అట్ట పగిలి అక్కడి నుంచి ఆయిల్ ఎగదన్నుతోంది. అది ఎందుకు పగిలిందా అని వెతుకుతూ గొట్టం దగ్గరికి వచ్చాడు. మూతి దగ్గర గోటితో గీకి వాసన చూశాడు. ఆయనా ఉద్దానం మనిషే. నావైపు ఒక్కసారి చూసి, మేనేజరుతో ఊపిరి గొట్టం పూడిపోయింది, సాయంత్రానికి చేసిస్తానని మాత్రం చెప్పాడు. 

ఆ గొట్టం ఇంజనుకు ముక్కులాంటిదని మేనేజరు వెళ్లాక చెప్పాడు. ఆయిల్ తక్కువైతే ఇంజను పట్టేస్తుందని ఎవరో అంటే విని, అది కారకముందే నేను కొలపుల్ల మీది గీత దాటి పోసేశాను. ఎక్కువైనది ముక్కులోంచి వచ్చేసింది. ఆ ముక్కు కూడా మూసేసరికి లోపలి గాలి తోవ లేక అట్టను పగలగొట్టుకుని బయటపడింది. నేను తల దించుకుని వింటున్నాను. ఆయన తిట్టలేదు. కొబ్బరినూనె, తీగ ముక్క నా చేతిలో పెట్టాడు.

"నువ్వు మూసినావు, నువ్వే తియ్యి. ఎక్కువ పోయడం తప్పుగాదు, తెలీక పోసినావు. కారతంటే సెప్పకుండా దాసీసినావు సూడు, అదీ తప్పు."

గంటసేపు పట్టింది పనసపాలు వదలడానికి. కొత్త అట్ట ఆయన కత్తిరిస్తే నేను బిగించాను. ఎక్కువైన ఆయిల్ గీత దాకా దించి, గొట్టాన్ని దాని చోట తగిలించి మళ్లీ పౌడరు పూశాం. ఈసారి తడి గీత రాలేదు. నడిపి చూసి బండి దిగాక నేను ఏడ్చేశాను. ఆదివారాలు షెడ్డుకొస్తే పని నేర్పుతానన్నాడు.

రెండేళ్లు వెళ్లాను. ఈ చేతులకు వచ్చిన పనంతా ఆయన పెట్టిన భిక్ష. ఇంజను మొరాయిస్తే ముందు తుడవాలి, తర్వాత చూడాలి, ఆ తర్వాతే పాన పట్టాలి. అంతా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఒక ఆదివారం ఆయన చెప్పు విప్పి పీట మీద కూర్చుంటే పాదం మీద పట్టీ అచ్చు లోతుగా దిగి కనిపించింది. కాసేపయినా పోలేదు. నడుం నొప్పని మందుల షాపు బిళ్లలు మింగుతున్నాడు. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో పుట్టినవాళ్లకు ఆ వాపు ఏమిటో ఒకరు చెప్పాలా? అడిగాను. కూకుని కూకుని వచ్చిన వాపులే, మరేటీ నేదన్నాడు. నేను వదలకపోతే గొంతు తగ్గించాడు.

"మా అన్నలిద్దరూ ఇలాగే పోనారమ్మా. పరీచ్చ సేయిత్తే ఆ పేరే సెప్తారు. మీ పిన్నికి సెప్పకు. నా మాటుంచు."

ఉంచాను. ఒకప్పుడు మేనేజరు ముందు నా పరువు కాపాడాడు కదా, నేనూ ఆయన మాట కాపాడాలనుకున్నాను. ఎంత బుద్ధితక్కువదాన్నో ఇప్పుడు తెలుస్తోంది. ఎనిమిది నెలలు వారం వారం ఆ పాదాలు చూస్తూ, పాన అందిస్తూ, నోరు మూసుకున్నాను. ఒకరోజు ఆయన షెడ్డులోనే పడిపోతే అప్పుడు పిన్నికి తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పలాస, విశాఖ ఆసుపత్రులకు తిప్పాం. ముందే వచ్చి ఉంటే మందులతో కొన్నేళ్లు నెట్టుకొచ్చేవాళ్లమని డాక్టరు అన్నాడు. వారానికి రెండుసార్లు డయాలసిస్. మంచం పక్కన కూర్చుంటే ఆ ట్యూబుల వైపు చూసి, "బండికి పౌడరు పూసినోడ్ని, నాకు పూసుకోనేదు," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఏడాది తిరగకుండా పోయాడు.

పెద్దకర్మ రోజు పిన్ని నన్ను పెరట్లోకి పిలిచింది. నీకు ముందే తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఒక్క మాట సెప్పుంటే బాగుండేది గదమ్మా," అంది. ఆ మాట నన్ను ఇంకా కోస్తూనే ఉంది.

మొన్న పనసపొట్టు సంచి చేతికందాక, డబ్బులిస్తూ కిందికి చూశాను. కత్తిపీట తొక్కిపట్టిన ఆవిడ పాదం మీద చెప్పు పట్టీ అచ్చు లోతుగా దిగి ఉంది. చెప్పు పక్కన విప్పే ఉంది. ఎన్నాళ్లుగా ఇలా ఉందని అడిగాను. కూకుని కూకుని వాచిందమ్మా, మరేటీ నేదంది. ఇంట్లో తెలుసా అంటే, ఉన్న ఒక్క కూతురికీ బెంగెందుకు పెట్టడం అంది. నేను సంచి కింద పెట్టి ఫోను తీశాను. కూతురి నంబరు చెప్పమన్నాను. ఆవిడకు కోపమొచ్చింది, నీకెందుకు, పొట్టు పట్టుకుని ఎల్లమంది. వెనక కొనేవాళ్లు విసుక్కుంటున్నారు. నా చెయ్యి పట్టుకుని పక్కకు తొయ్యబోయింది, ఆవిడ వేళ్ల పనసపాలు నా మణికట్టుకు అంటుకున్నాయి. నేను జరగలేదు. చివరికి తిట్టుకుంటూనే నంబరు చెప్పింది. అవతల కూతురు ఎత్తేదాకా అక్కడే నిలబడ్డాను.