ముధోళ సార్ సున్నా గొడవ

ముధోళ బసలింగప్ప సార్‌కు పెళ్ళాం మీద కోపం లేదు, పిల్లల మీద లేదు, ఆఖరికి ప్రభుత్వం మీద కూడా లేదు. ఆయనకున్న కోపమంతా సున్నా నుంచి మొదలు కాని గ్రాఫుల మీదే. నిలువు గీత అడుగున సున్నా కనబడకపోతే ముందు ఆయన చెవులు ఎర్రబడేవి, తర్వాత ముక్కు ఎర్రబడేది, ఆ తర్వాత ఆ గ్రాఫు గీసినవాడి పని అయిపోయేది.

ధార్వాడలోని మలప్రభ పరిశోధన విశ్వవిద్యాలయంలో ఆయన భూగర్భశాస్త్రం చెప్పి రిటైరై చాలా కాలమైంది. రిటైరైంది జీతానికే. మనిషి మాత్రం రోజూ టిఫిన్ కాగానే క్యాంపస్‌లోకి వచ్చి, ఏ నోటీసు బోర్డు మీద ఏ గ్రాఫు అంటించారో చూసుకుంటూ తిరిగేవారు. దొంగల కోసం గస్తీ తిరిగే పోలీసుకి కూడా అంత శ్రద్ధ ఉండదు.

నేలశాస్త్రంలో పరిశోధన చేస్తున్న నీలాంబికకు ఆయన ప్రతాపం 'జగలి' ఆఫీసులో తెలిసింది. 'జగలి' విద్యార్థులే నడిపే వారపత్రిక. ఆమె అందులో ప్రూఫులు దిద్దేది. ఒక వారం మొదటి పేజీలో మెస్ భోజనం మీద విద్యార్థుల సంతృప్తి ఆకాశాన్నంటిందని వార్త వేసి, పక్కనే రెండు నిలువు పట్టీలు గీశారు. రెండోది మొదటిదానికి మూడింతలుంది. నూటికి డెబ్బై ఒకటి కాస్తా డెబ్బై మూడయిందంతే. పట్టీలు డెబ్బై దగ్గర మొదలుపెట్టారు.

ముధోళ సార్ వచ్చి సుద్దముక్క అడిగారు. గోడకు అంటించిన ఆ పేజీ కింద నుంచి పట్టీలను పొడిగించుకుంటూ వంగారు, కూర్చున్నారు, చివరికి నేల తగిలింది. సున్నా ఇంకా రాలేదు.

"ఈ గది కింద ఏముంది?" అని అడిగారు, సంపాదకుడు రాజశేఖర బడిగేర వైపు చూసి.

"గణితం వాళ్ళ లైబ్రరీ సార్."

"పద. మీ మెస్ సంతృప్తి మొదలయ్యేది అక్కడే."

మిగతా పట్టీలు ఆ లైబ్రరీ గోడ మీద గీశాకే ఆయన చెవులు మామూలు రంగుకొచ్చాయి. లైబ్రేరియన్ ఎంత మొత్తుకున్నా వినలేదు.

దీనికి నవ్విన నీలాంబిక, తన ఇంటికొచ్చేసరికి నవ్వలేకపోయింది. ఆమెకు కొడుకు పుట్టినప్పుడు ముధోళ సార్ పేడా పొట్లంతో చూడ్డానికి వచ్చారు. బిడ్డను ఎత్తుకుని ముద్దుచేశారు కూడా. ఇంతలో మంచం పక్కన ఆస్పత్రివాళ్ళిచ్చిన బరువుల గ్రాఫు కార్డు కంటపడింది. బిడ్డ బరువు పెరగడం లేదేమోనని నీలాంబిక రోజూ బెంగగా చూసుకునే కార్డు అది.

"ఇది రెండు కిలోల దగ్గర మొదలైందేమిటి? సున్నా ఏది?" అన్నారు ముధోళ సార్.

"పుట్టినప్పుడు మావాడు సున్నా బరువున్నాడా సార్?" అని మండిపడింది బాలింత.

"తొమ్మిది నెలల ముందు అంతేగా నీలవ్వా" అన్నారు ఆయన చాలా గంభీరంగా.

భర్త ఈరణ్ణ నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాడు. నీలాంబిక ముధోళ సార్‌తో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. వైవాలు ఒక ఎత్తు. పరిశోధన పూర్తిచేసిన విద్యార్థి అందరి ముందూ నిలబడి తన థీసిస్‌ను కాపాడుకునే రోజది. ఎవరైనా రావచ్చు, ఎవరైనా అడగొచ్చు. బయట విద్యార్థి ఖర్చుతో గిర్మిట్ మరమరాలు, మిరపకాయ బజ్జీలు, చాయ్. ముధోళ సార్ ఏ శాఖ వైవానూ వదిలేవారు కాదు. ముందు వరసలో కూర్చుని, విద్యార్థికి కాళ్ళు వణుకుతున్న సమయం చూసి లేచి, సున్నా ఏదని అడిగేవారు. ఆయనకు విద్యార్థులు సున్నా శని అని పేరుపెట్టుకున్నారు. ఆ శని పట్టనివాడు ఆ క్యాంపస్‌లో డాక్టర్ అయిన దాఖలా లేదు.

తన వైవా దగ్గర పడుతుంటే నీలాంబికకు నిద్ర పట్టలేదు. వేసవిలో నల్లరేగడి నేల ఎంత వెడల్పున, ఎంత లోతున బీటలు వారుతుందో ఆమె ఏళ్ళ తరబడి చేలల్లో కూర్చుని కొలిచింది. నడుమ ఒక వేసవి కొలవలేదు. ఆ వేసవిలోనే ప్రసవం. బయటి నుంచి వస్తున్న పరీక్షకుడు డాక్టర్ జమఖండి, థీసిస్‌లు వెనక్కి పంపడంలో పేరున్న మనిషి. ఆ వేసవి కూడా కొలిచి తెమ్మంటే ఆమె పని ముగిసినట్టే. గడువు ఈ నెలతో సరి. ఒకసారి పొడిగించుకోవడం బిడ్డ పుట్టినప్పుడే అయిపోయింది.

ఈ గండం చాలదన్నట్టు ముధోళ సార్ కూడానా? ఆమె రాజశేఖర దగ్గరికి వెళ్ళి తన వైవా వార్త వేయొద్దని బతిమాలింది. వేయకపోతే వైవా చెల్లదని, అది రూలని అతను చేతులెత్తేశాడు. చివరికి పోయిన గొడుగు ప్రకటనకూ హాస్టల్ నీళ్ళ ట్యాంకు కడిగే కబురుకూ మధ్య, చీమ తలకాయంత అక్షరాలతో ఇరికించాడు.

వైవా రోజు హాల్లో అందరికంటే ముందొచ్చి కూర్చున్నది ముధోళ సారే. చేతిలో 'జగలి'. మనిషి వైవాను గొడుగు కంటే చిన్నగా వేస్తారా, ఇదేం పత్రిక అని చుట్టుపక్కలవాళ్ళ మీద అప్పటికే ఎగురుతున్నారు.

బయట వరండాలో ఈరణ్ణ పిల్లాణ్ణి భుజాన వేసుకుని పచార్లు చేస్తున్నాడు. పళ్ళొచ్చే జ్వరం. వాడు దగ్గినప్పుడల్లా నీలాంబిక చెప్పే మాట తెగిపోయేది. ఎలాగో చివరిదాకా లాక్కొచ్చింది. తెర మీద బీటల గ్రాఫు మిగిలింది.

"మూడో వేసవి ఏదమ్మా?" అన్నారు డాక్టర్ జమఖండి. "రెండుంది, నాలుగుంది. మధ్యలో ఖాళీ. పరిశోధన తీరిక దొరికినప్పుడు చేసే పనా?"

నీలాంబిక నోరు తెరిచింది. మాట రాలేదు. గైడు శకుంతలా హిరేమఠ మేడం బల్ల మీది గ్లాసు ఆమె వైపు జరిపారు. నీళ్ళు తాగినా రాలేదు. డాక్టర్ జమఖండి పెన్ను మూత తీశారు.

అప్పుడు లేచారు ముధోళ సార్.

"వారిది తర్వాత. ముందు నాకు చెప్పు. ఈ గ్రాఫు సున్నా నుంచి ఎందుకు మొదలు కాలేదు?"

హాలంతా ఉసూరుమంది. నీలాంబిక తిరిగి తెర వైపు చూసింది. ఎడమ మూల అడుగున, సున్నా గుమ్మడికాయంత ఉంది.

"ఉంది సార్."

"ఏది? నాకు కనబడదే."

"ఇదిగో. చేత్తో చూపిస్తున్నాను. కళ్ళు పెట్టి చూడండి."

"సరే, ఉందనే అనుకుందాం. మధ్యలో ఆ బొక్కేమిటి మరి? గీత కలిపేస్తే పోయేదిగా. అందరూ కలుపుతారు. నీకు బద్ధకమా?"

నీలాంబికకు ఒళ్ళు భగ్గుమంది.

"కొలవని వేసవిని ఎలా గీయమంటారు సార్? ఆ ఎండల్లో నేను పురిటి మంచం మీదున్నాను. నేల నాకోసం ఆగదు, బిడ్డా ఆగడు. కొలిచింది గీశాను, కొలవనిది వదిలేశాను. గీతే కావాలన్నవాళ్ళు వాళ్ళ థీసిస్‌లో గీసుకోమనండి."

ముధోళ సార్ కూర్చున్నారు. నీలాంబిక మాత్రం ఆగలేదు. అదే వేడిలో డాక్టర్ జమఖండి వైపు తిరిగి, మిగతా వేసవుల్లో దేనికది విడిగా తీసుకున్నా అదే ఫలితం వస్తుందని పేజీలు తిప్పి చూపించింది. ఆయన అడిగారు, ఆమె చెప్పింది. మళ్ళీ అడిగారు, మళ్ళీ చెప్పింది. బయట పిల్లాడు దగ్గాడు. అయినా ఆమె మాట తెగలేదు.

చివరికి ఆయన సంతకం పెడుతూ అన్నారు: "ఆ ఖాళీ ఎందుకొచ్చిందో థీసిస్‌లో ఒక వాక్యం రాయండి. గీసుకోమనండి అన్నది అక్కర్లేదు."

డాక్టర్ నీలాంబిక వరండాలోకి వచ్చి పిల్లాణ్ణి అందుకుంది కానీ కోపం దిగలేదు. అంత పెద్ద సున్నా కనబడనివాళ్ళు ముందు వరసలో ఎందుకు కూర్చోవాలని గైడు మీద విరుచుకుపడింది.

శకుంతలా మేడం నవ్వారు. "నా వైవాలోనూ అదే అడిగారు. నాది పటం. జిల్లా నేలల పటం. దానికి నిలువు గీతే లేదు. ఆ మాట ఆయనకు అరిచి చెప్పేదాకా నా గొంతు నాకే వినబడలేదు."

నీలాంబికకు తాను చూసిన వైవాలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ముధోళ సార్ మీద అరిచిన ప్రతివాడూ ఆ తర్వాత చక్కగానే మాట్లాడాడు.

ఆయన బజ్జీల పళ్ళెం దగ్గరున్నారు. ఆమె దగ్గరికెళ్ళి ఏదో అనబోయింది. ఆయన అననివ్వలేదు.

"బుధవారం గణితం కుర్రాడిది ఉంది నీలవ్వా. ఇప్పటినుంచే వణుకుతున్నాడు. థీసిస్ తిరగేశాను, మొత్తం సూత్రాలే. గ్రాఫన్నది ఒక్కటి లేదు. ఏం పెట్టుకుని గొడవపడను?"

నీలాంబిక పిల్లాణ్ణి మరో భుజం మీదికి మార్చుకుంది.

"గ్రాఫు ఎందుకు లేదని అడగండి సార్."

ముధోళ సార్ చెవులు ఎర్రబడడం మొదలుపెట్టాయి. "అవును. ఎందుకు లేదు?" అంటూ ఇంకో బజ్జీ అందుకున్నారు.